ఎమ్మే సైకాలజీ చేసేస్తే పోలా?

మా టీములో ఒకాయన మొన్న టీ తాగుతూ "ఎన్నాళ్ళీ కోడింగు బాసూ, హాయిగా డిస్టెన్సులో ఎమ్మే సైకాలజీ చేసేసి కౌన్సెలింగ్ మొదలెడితే పోలా? మాటలు చెప్పడమేగా!" అన్నాడు. ఆ దారి మూసేశారు బాబూ అన్నాను. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పొద్దని యూజీసీ ఆపేసింది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి అన్యాయం కదా అని ఆయన బాధ.

నాకైతే అన్యాయం అనిపించలేదు. అది మాటలు చెప్పడం కాదు, వినడం. ఎదుటి మనిషి "బతకాలని లేదు" అన్నప్పుడు ఏం అడగాలో, ఎంతసేపు ఊరుకోవాలో, ఎప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలో... పక్కన అనుభవమున్నవాళ్ళు కూర్చుని తప్పులు దిద్దితేనే వస్తుంది. పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివితే రాదు. మన కోడ్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి పాత వెర్షన్ పెట్టేస్తాం. అక్కడ పాత వెర్షన్ ఉండదు.

కానీ యూజీసీకి నా మెచ్చుకోలు ఇంతవరకే. అదే 2025 జూలైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? వంద, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో పెట్టుకోవాలంది. మన రెండు రాష్ట్రాల్లో జూనియర్ కాలేజీలెన్నో మీరే లెక్కేసుకోండి. అంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడతారు? మా పిన్ని కొడుకు చదివిన కాలేజీలో కౌన్సెలింగంటే, వీక్లీ టెస్టులో మార్కులు తగ్గినవాణ్ణి గదిలోకి పిలిచి చీవాట్లు పెట్టడం. రేపు ఆ గదికే కొత్త బోర్డు తగిలిస్తారు, అంతే.

మూసినవాళ్ళే ఇంకో దారి వెయ్యాలి. సాయంత్రం క్లాసులు, శని ఆదివారాలు ఆస్పత్రిలో సీనియర్ల కింద పని. రెండేళ్ళది మూడేళ్ళైనా పర్లేదు. అదీ తెలుగులో. "మనసు మనసులో లేదండీ", "గుండెల్లో దడగా ఉంటోంది" అంటూ వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నోట్సు బట్టీపట్టినవాడు ఏ భాషలో జవాబు చెప్తాడు?

అలాంటి కోర్సు పెడితే ఫీజు కట్టడానికి నేను రెడీ. మా టీమాయన మాత్రం "మూడేళ్ళా? వద్దులే బాసూ" అని కప్పు పడేసి సీటుకెళ్ళిపోయాడు.