పేరు 'పని హక్కు', తగాదా యూనియన్ చందాపై

'పని హక్కు చట్టం' అనగానే మన పల్లెల్లో ఎవరికైనా కరువు పని, జాబ్ కార్డు, మస్టరు గుర్తుకొస్తాయి. అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని చూపాలన్న 2005 నాటి చట్టం కింద పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అది 2006 ఫిబ్రవరి 2వ తేదీ.

అమెరికాలో కూడా ఇదే పేరుతో చట్టాలున్నాయి. అక్కడి 50 రాష్ట్రాలలో 26 రాష్ట్రాలు వాటిని అమలు చేస్తున్నాయి. అయితే ఆ చట్టం చూపించి ఒక్క రోజు పని కూడా అడగటానికి వీల్లేదు. యూనియన్‌కు డబ్బు కట్టలేదన్న కారణంతో కార్మికుడిని పనిలోంచి తీసివేయరాదు. ఆ చట్టం చెప్పేది అంతే.

తగాదా ఎక్కడ?

మన ఫ్యాక్టరీలలో ఒకేచోట రెండు మూడు యూనియన్లు ఉండటం మామూలే. చేరటం, చేరకపోవటం కార్మికుడి ఇష్టం. అమెరికాలో పద్ధతి వేరు. ఎక్కువమంది ఓటు వేసి ఒక యూనియన్‌ను ఎన్నుకుంటే, అక్కడి కార్మికులందరి తరఫున యాజమాన్యంతో బేరమాడేది అదొక్కటే. కుదిరిన జీతం సభ్యుడికీ, సభ్యుడు కానివాడికీ ఒకటే. సభ్యుడు కానివాడికి అన్యాయం జరిగినా యూనియన్ అతని పక్షాన నిలబడాలి. అందుకయ్యే ఖర్చులో అందరూ వంతు ఇవ్వాలని యూనియన్లు, యాజమాన్యాలు ఒప్పందం రాసుకునేవి. అలాంటి ఒప్పందాలను నిషేధించుకునే వీలు రాష్ట్రాలకు ఉన్నదని 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం తేల్చింది. అధ్యక్షుడు ట్రూమన్ తిప్పి పంపినప్పటికీ అక్కడి కాంగ్రెస్ దానిని నెగ్గించుకుంది.

మన చెరువు సంగతితో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆయకట్టు రైతులు తలా ఇంత వేసుకుని కాలువ పూడిక తీయిస్తారు. ఒకరు ఇవ్వనన్నా నీరు అతని మడికీ పారుతుంది. మరుసటి ఏడు ఇంకో నలుగురు 'మేమెందుకు ఇవ్వాలి?' అంటారు. చివరకు పూడిక తీసేవారే ఉండరు. యూనియన్ల భయం ఇదే. రెండవ పక్షం వాదన కూడా కొట్టివేయదగినది కాదు. తనకు నచ్చని సంఘానికి, తన జీతంలోంచి, తన ఇష్టం లేకుండా డబ్బు పోవటం ఏమి న్యాయమని వారు అడుగుతున్నారు.

మిషిగాన్‌లో చేసి, రద్దు చేసి

మోటారు కార్లకు పుట్టిల్లు మిషిగాన్ రాష్ట్రం. అక్కడి ఫ్లింట్ పట్టణంలో జనరల్ మోటార్స్ కార్మికులు 1936 డిసెంబరు 30 నుంచి 44 రోజులు ఫ్యాక్టరీలోనే కూర్చుని సమ్మె చేశారు. చివరకు కంపెనీ వారి యూనియన్‌ను గుర్తించవలసి వచ్చింది. అలాంటి రాష్ట్రంలోనే 2012 డిసెంబరు 11న గవర్నర్ రిక్ స్నైడర్ పని హక్కు చట్టంపై సంతకం చేశారు. పక్కనున్న ఇండియానా రాష్ట్రం అదే ఏడాది ఫిబ్రవరిలో ఈ చట్టం చేసింది. మనం కూడా చేయకపోతే పరిశ్రమలు అటు తరలిపోతాయన్నది అప్పటి వాదన.

2023 మార్చి 24న గవర్నర్ గ్రెచెన్ విట్మర్ ఆ చట్టం రద్దుకు సంతకం చేశారు. 2024 ఫిబ్రవరి 13 నుంచి రద్దు అమలులోకి వచ్చింది. ఒక రాష్ట్రం ఇటువంటి చట్టాన్ని రద్దు చేయటం 58 ఏళ్ళలో అదే మొదటిసారి. ఇదిలా ఉండగా మిస్సోరీలో శాసనసభ చేసిన చట్టాన్ని 2018 ఆగస్టులో ప్రజలే ఓటు వేసి తిప్పికొట్టారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు వ్యతిరేకించారు.

ఫ్యాక్టరీలు దీనికోసమే వస్తాయా?

దక్షిణ రాష్ట్రాలలో ఈ చట్టాలు చాలాకాలంగా ఉన్నాయి. కార్ల కంపెనీలు అటు వెళ్ళిన మాట కూడా నిజమే. మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన కియా అంతకు పదేళ్ళ ముందే జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో పెట్టింది. బట్టల మిల్లులు మూతపడిన ఊరది. జార్జియాలో పని హక్కు చట్టం 1947 నుంచీ ఉంది. కాని ప్రభుత్వం ఇచ్చిన రాయితీలు, స్థలం, రోడ్లు, కార్మికుల శిక్షణ కూడా కంపెనీ లెక్కలో ఉన్నాయి. భూమి, నీరు, కరెంటు చూడకుండా ఏ కంపెనీ రాదన్నది పెనుకొండ వారికి ఒకరు చెప్పనవసరం లేదు.

ఓక్లహోమా 2001లో ఈ చట్టం చేసింది. తర్వాతి పదేళ్ళలో అక్కడ ఫ్యాక్టరీ ఉద్యోగాలు పెరగకపోగా తగ్గాయి. ఆ కాలంలో దేశమంతటా తగ్గాయి కనుక తప్పంతా చట్టానిదనలేము. మిషిగాన్‌లో 2013 తర్వాత ఉద్యోగాలు పెరిగాయి. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా తీసి తేరుకున్నాక, అంటే చట్టానికి ముందే, ఆ పెరుగుదల మొదలైంది కనుక గొప్పంతా చట్టానిదీ కాదు. చట్టం ఉన్న టెక్సాస్ పెరుగుతున్నది. అదే చట్టం ఉన్న మిస్సిసిపీ బీద రాష్ట్రంగానే ఉన్నది. చట్టం లేని మాసచూసెట్స్ సంపన్న రాష్ట్రం. ఈ చట్టం ఉన్న రాష్ట్రాలలో జీతాలు సగటున తక్కువ. ఇంటి అద్దెలు, ఖర్చులూ తక్కువే కనుక అసలు తేడా ఎంతన్న దానిపై ఆర్థికవేత్తలలో ఏకాభిప్రాయం లేదు.

తేలిన లెక్క

యూనియన్ల బలం సంగతి మాత్రం వేరు. మిషిగాన్‌లో 2012లో ఉద్యోగులలో 16.6 శాతం యూనియన్ సభ్యులు. 2022 నాటికి వారు 14 శాతం. దేశమంతటా ఈ సంఖ్య తగ్గుతూ వస్తున్నమాట నిజమే. అయినా చందా తప్పనిసరి కానప్పుడు యూనియన్ పెట్టె పలచబడటంలో వింత లేదు.

పెట్టె ఖాళీ అయితే ఏమి పోతుందో 2023 సమ్మె చూపింది. ఆ సెప్టెంబరులో మోటారు కార్మికుల యూనియన్ మూడు పెద్ద కంపెనీలలో ఒకేసారి సమ్మెకు దిగి, ఒప్పంద కాలంలో జీతాలు 25 శాతం పెరిగేలా సాధించుకుంది. సమ్మెలో ఉన్నన్నాళ్ళు కార్మికుల ఇళ్ళకు భత్యం అందింది చందాలతో కూడిన నిధి నుంచే. ఆ ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే టొయోటా, హోండా, హ్యుందాయ్ కంపెనీలు యూనియన్ లేని తమ ఫ్యాక్టరీలలో కూడా జీతాలు పెంచాయి. చందా ఒక్క రూపాయి కట్టని వారి మడికి కూడా నీరు పారిందన్నమాట.

చట్టం వల్ల ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్న లెక్క 75 ఏళ్ళు దాటినా తెగలేదు. ఖర్చు ఎవరి మీద పడుతుందన్నది మాత్రం తెలుస్తూనే ఉంది. మన ప్రాంతానికి ఒక కంపెనీ వస్తున్నదంటే ఎన్ని ఎకరాలిచ్చారు, ఎంత నీరిచ్చారు అని అడుగుతున్నాము. లోపల పనిచేసే మన పిల్లల తరఫున ఎవరు మాట్లాడతారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది కూడా అడగవలసిన విషయమే.