తేలవేసిన వార్త

టెలివిజన్ వార్తల గురించి మన సభల్లో ఈ మధ్య రెండు వాదాలు వినబడుతున్నాయి. వార్తాగదిలో ఎడిటరు పోయాడు, కంప్యూటరే ఎడిటరై కూర్చున్నదని కొందరు వాపోతున్నారు. అదేం కాదు, కంప్యూటరు వచ్చాకనే వార్తాగది ప్రజాస్వామికమైంది, ఇదివరకు ఒక్కడి బల్లమీద ఉండే కాగితం ఇప్పుడు అందరి తెరమీదా కనబడుతున్నదని మరికొందరు సంబరపడుతున్నారు. మొదటివారు యంత్రాన్ని చూసి జడుసుకున్నారు. రెండవవారు యంత్రాన్ని చూసి యజమానిని మరిచారు. నా తగాదా ముఖ్యంగా ఈ రెండవవారితోనే.

ముందు ఆ యంత్రమేమిటో చూద్దాం. 1990ల మధ్యలో బి.బి.సి. కోసం అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఇ.ఎన్.పి.ఎస్. అనే వ్యవస్థను తయారుచేసింది. తరువాత అది అనేక దేశాలకు పాకింది. అవిడ్ కంపెనీవారి ఐన్యూస్ దానికి పోటీ. పేర్లేవైనా వీటి గుండెకాయ ఒక్కటే: రన్‌డౌన్. అంటే బులెటిన్‌లో దేని తరువాత ఏ వార్త, ఏది ఎన్ని సెకండ్లు అని వరుసగా చూపే పట్టిక. డెస్కువారు రాసిన మాటలు ఇందులోనుంచే వార్తలు చదివేవారి ఎదుట ఉన్న ప్రాంప్టరుకు పోతాయి. దృశ్యాలూ, తెరమీది అక్షరాలూ దీని వరుసనే నడుస్తాయి. రాస్తూండగానే యంత్రం నిడివి లెక్కకట్టి, బులెటిన్ ఎంత ఎక్కువైందో ఎంత తగ్గిందో చూపిస్తూంటుంది.

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ని కాబట్టి ఈ లెక్క నన్ను ఆపింది. నిమిషానికి ఇన్ని మాటలు చదువుతారన్నది ఇంగ్లీషు కొలత. సెకనుకు మూడు మాటలని అక్కడివారి వాడుక. తెలుగులో ‘నీళ్లు’ ఒక మాట, ‘వెళ్లలేకపోయినందువల్ల’ కూడా ఒక మాటే. రెండక్షరాలకూ పది అక్షరాలకూ ఒకే కూలి! అందుకని డెస్కువారు పొడుగు మాట కనబడితే కత్తిరిస్తారు. “కూలి రేటు పెంచనందువల్ల హమాలీలు పని మానేశారు” అన్నది “హమాలీల ఆందోళన” అవుతుంది. మన భాషలో కారణం తరచు క్రియకు అంటుకునే ఉంటుంది. క్రియను కోస్తే కారణమూ తెగిపోతుంది. దీనికంతకూ యంత్రమే బాధ్యురాలని అనను. శీర్షికల మోజు అంతకుముందునుంచీ ఉన్నదే. కాని ఆ కత్తెరకు సాన పట్టింది మాత్రం ఈ లెక్కే.

హమాలీల మాట ఊరికే తేలేదు. నా పూర్వవిద్యార్థిని ఒకామె హైదరాబాదులో ఒక చానల్ డెస్కులో పనిచేస్తున్నది. ఒక మార్కెట్ యార్డులో హమాలీలు కూలి రేట్లకోసం పని ఆపేస్తే, నలభై సెకండ్ల వార్త రాసి సాయంత్రం బులెటిన్‌లో పెట్టింది. ఒక సినిమా నటుడి పెళ్లి ప్రత్యక్షప్రసారం అనుకున్నదానికన్న సాగింది. వార్త పోయింది. ఎవరు తీసేశారమ్మా అని అడిగాను. “ఎవరూ తీసెయ్యలేదు మాస్టారూ, ఫ్లోట్ చేశారంతే” అన్నది.

ఫ్లోట్ అంటే తేలవేయడం. వార్త పట్టికలోనే ఉంటుంది, దాని సెకండ్లు మాత్రం లెక్కకు రావు. కొట్టేసిన పాపం ఎవరికీ అంటదు. ఆ రాత్రి బులెటిన్‌కు సాయంత్రపు పట్టికనే నకలు తీశారు. అందులోనూ అది తేలుతూనే ఉంది. తెల్లవారేసరికి పాతవార్త. సెన్సారుకు ఇంతకన్న మర్యాదైన పేరు నేను వినలేదు.

“ఆకాశవాణిలో పది నిమిషాల వార్తలకు మాత్రం గడియారం లేదా?” అని అడుగుతారు. ఉంది. గడియారంతో నాకు పేచీ లేదు. ఎవరి సెకండ్లు తేలుతాయి, ఎవరివి తేలవు అన్నదే ప్రశ్న. ఆ పట్టికలో ప్రకటనల విరామాలకూ వరుసలున్నాయి. వాటిని ఎవరైనా ఫ్లోట్ చేశారా అని అడిగితే ఆమె నవ్వింది. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలుండరాదని కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో రాసుకున్నారు. ట్రాయ్ దాన్ని అమలుపరచబోతే 2013లో వార్తా ప్రసారకుల సంఘం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. హమాలీల నలభై సెకండ్లకోసం ఏ కోర్టుకెవరు వెళ్లారు?

అందరి తెరమీదా కనబడుతున్నదని సంబరపడే మిత్రులకు ఒక్కమాట. కనబడడం వేరు, కదిపే హక్కు వేరు. యార్డులో మిర్చి బస్తాలు హమాలీకీ కనబడుతూనే ఉంటాయి. ఈ వ్యవస్థల్లో ఏ వార్తను ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర నిలవ ఉంటుంది. పాతకాలపు ఎర్రపెన్సిలుకు లేని సుగుణమిది. యంత్రాన్ని తిట్టి లాభంలేదు, ఆ చరిత్ర డెస్కులో పనిచేసే ప్రతివారికీ తెరిచి ఉండాలని వార్తాగది ఉద్యోగులు అడగాలి. వారి సంఘాలు దీన్ని కూలి రేటంత ముఖ్యమైన కోరికగా పెట్టుకోవాలి.

మా అమ్మాయి ఆ మర్నాడు హమాలీల వార్త చరిత్ర తెరిచి చూడబోయింది. ఆమె హోదాకు అనుమతి లేదని తెరమీద వచ్చిందట.