ఇగ్వానాకు గూడు కావాలి

"అంత పెద్ద జీవిని బోనులో పెట్టారేంటండీ, పాపం కదా!" మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అనే మాటే. మూడేళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. మా చిలకమ్మను, అదే మా ఇగ్వానాను, హైదరాబాద్ ఫ్లాట్‌లో ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చాను. కిటికీ అద్దం పక్కన ఎండ కాగుతుంటే మురిసిపోయాను. ఆ అద్దం యూవీ-బీ కిరణాలను ఆపేస్తుందనీ, అవి లేకపోతే డి3 విటమిన్ తయారవక క్యాల్షియం ఒంటబట్టదనీ అప్పటికి తెలియదు. డిసెంబరు చలిలో ఒకరోజు ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ వేడికి అతుక్కుపోయి కనిపించింది. చేతుల్లోకి తీసుకుంటే కింది దవడ రబ్బరులా మెత్తగా ఉంది. కాలివేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

వెంటనే డాక్టరుకు చూపించి, వడ్రంగిని పిలిచి ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతున గూడు చేయించాను. లోపల జామకొమ్మలు, పైన యూవీ-బీ ట్యూబు. ఒక మూల 35 డిగ్రీల వేడి, ఇంకో మూల చల్లదనం. ఎక్కడుండాలో అదే ఎంచుకుంటుంది. ఇల్లంతా వదిలేసినప్పుడు దానికి ఈపాటి ఎంపిక కూడా లేదు. సాయంత్రం ఫ్యాన్లు ఆపి, తలుపులు వేసి, గంటసేపు నా కళ్లముందే తిరగనిస్తాను. సాల్మొనెల్లా భయంతో వంటగదిలోకి మాత్రం రానివ్వను.

చిన్న గాజుతొట్టిలో కుక్కడం ఇంకా ఘోరం. అమ్మేవాళ్లు జానెడు పిల్లను చేతిలో పెడతారు. తోకతో కలిపి ఐదారడుగులు పెరుగుతుందని చెప్పరు. అంత చోటివ్వలేనివాళ్లు దయచేసి కొనకండి. కొన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ 2024 నిబంధనల ప్రకారం ఆ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించండి.

చిలకమ్మ దవడ గట్టిపడటానికి ఏడు నెలలు పట్టింది. వంకర మాత్రం అలాగే ఉండిపోయింది.