సినిమాలో పాపకున్న కాగితం సీడు పత్తి చేలో పాపకు ఏదీ?

నడిగడ్డ పల్లెల్లోని అమ్మానాన్నలకు, సీడు పత్తి రైతులకు, బడి సార్లకు, టీచరమ్మలకు, పంచాయతీ పెద్దలకు

హైదరాబాదులో ఎవరైనా సినిమా తీస్తూ పదేళ్ళ పాపకు అందులో వేషం ఇవ్వాలనుకుంటే ముందు కలెక్టరు అనుమతి తీసుకోవాలి. తల్లిదండ్రుల ఒప్పుదల రాయించాలి. పాప బాగోగులు చూసే మనిషి పేరు చెప్పాలి, ఆ మనిషికి ఐదుగురు పిల్లలకు మించి అప్పగించకూడదు. రోజుకు ఐదు గంటలకు మించి షూటింగు చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పనిలో ఉంచకూడదు. బడి పాఠాలు ఆగకుండా ఏర్పాటు చేయాలి. పాపకు వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం ఆమె పేరునే జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. మేజరయ్యాక అది ఆమెకే అందాలి. 2017లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మిక నియమాలను సవరించినప్పుడు ఇవన్నీ చేర్చింది.

మంచి నియమాలు. చిన్నపిల్ల చేత పని చేయించుకునేవాడికి అన్ని కట్టుబాట్లూ ఉండాల్సిందే.

కానీ తెలంగాణలోని మన నడిగడ్డలో, గద్వాల, మల్దకల్, అయిజ, గట్టు, ధరూర్ మండలాల్లో వానాకాలం నడిమి నుంచి చలి మొదలయ్యే దాకా సీడు పత్తి క్రాసింగుకు పోయే పదిహేనేళ్ళ పిల్లకు ఆచరణలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆమె ఎవరి చేలో ఉంది, ఎన్ని గంటలు ఉంది, కూలి ఎవరి చేతికి పోయింది, ఆ నెలలో ఎన్ని రోజులు బడికి వెళ్ళింది అని అడిగితే చూపించడానికి ఒక్క కాగితం ఉండదు.

మేం కోరేది ఇదీ. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని పిల్లలెవరినైనా సీడు పత్తి పనిలో పెట్టుకోవాలంటే ముందుగా పర్మిట్ తీసుకుని తీరాలి. పద్నాలుగు లోపు పిల్లలకు మేం పర్మిట్ అడగడం లేదు. వాళ్ళు ఆ చేలో ఉండనే కూడదు.

క్రాసింగు అంటే ఏమిటో ఈ పల్లెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నియమాలు రాసేవాళ్ళ చేతికి కూడా ఈ కరపత్రం చేరాలి కాబట్టి రాస్తున్నాం. హైబ్రిడ్ పత్తి విత్తనం మనుషుల చేతివేళ్ళ మీద తయారవుతుంది. చేలో ఆడ సాళ్ళు వేరు, మగ సాళ్ళు వేరు. రేపు పూయబోయే మొగ్గను ఈరోజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా వెతికి పట్టుకుని, బొటనవేలి గోటితో చీల్చి, లోపలున్న పుప్పొడి తిత్తులన్నీ తీసేయాలి. నడుమ ఉన్న కాడ మాత్రం దెబ్బతినకూడదు. గుర్తుకు ఏదో ఒక రంగు కాగితం పెట్టాలి. మర్నాడు పొద్దున మంచు ఆరాక మగపూలు కోసుకొచ్చి ఆ కాడలకు పుప్పొడి రుద్దాలి. మధ్యాహ్నం దాటితే ఆ పువ్వు ఇక పనికిరాదు. గిల్లకుండా ఒక్క మొగ్గను వదిలేసినా అది తనంతట తానే కాయ కడుతుంది, విత్తనం కల్తీ అవుతుంది. అందుకే ఆదివారం లేదు, పండగ లేదు. రెండు మూడు నెలలు ఇదే వరస.

పురుగుమందు కొట్టిన మర్నాడే మళ్ళీ అవే సాళ్ళలోకి దిగాలి. పెద్దవాళ్ళకు నడుము దాకా వచ్చే మొక్క పొట్టి పిల్లకు ఛాతీ దాకా వస్తుంది. మొగ్గ కోసం వంగినప్పుడల్లా మందు తడి ఆకులు ముఖానికి తగులుతాయి. సాయంత్రానికి బొటనవేలి గోరు నల్లబడి, పక్కన తోలు చిట్లి మంట పుడుతుంది. ఆ వేలితో కలం పట్టుకుని నోట్సు రాయమంటే పిల్ల ఎలా రాస్తుందో క్లాసులో నిలబడిన టీచర్లకు తెలుసు.

ఇప్పుడు చట్టం చూడండి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళను గనుల్లో, మండే పదార్థాలు, పేలుడు పదార్థాల పనుల్లో, ప్రమాదకరమైన ఫ్యాక్టరీ పనుల్లో పెట్టకూడదన్నారు. మిగతా చోట్ల షరతుల మీద పెట్టుకోవచ్చన్నారు. మూడు గంటల పనికి కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతి, పని కోసం ఊరికే కూర్చున్న సమయం అన్నీ కలిపినా రోజుకు ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. ఓవర్‌టైం కుదరదు. వారానికి ఒక రోజు పూర్తి సెలవు. ఈ షరతులు దుకాణాలకు, హోటళ్ళకు, వర్క్‌షాపులకు ఎలా వర్తిస్తాయో వ్యవసాయ క్షేత్రాలకూ అలాగే వర్తిస్తాయని చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది.

ఈ లెక్క తీసుకొచ్చి క్రాసింగు పని పక్కన పెట్టండి. పొద్దున తొమ్మిదింటికి పుప్పొడి రుద్దడం మొదలుపెట్టిన పిల్ల సాయంత్రం ఆరింటికి మొగ్గలు గిల్లడం ముగిస్తే తొమ్మిది గంటలయ్యాయి. నడుమ రెండు గంటలు చెట్టు కింద కూర్చోబెట్టినా చట్టం ఒప్పదు. రెండు పూటల్లో ఒక పూటే చేయించాలి. పొద్దుటి పూట చేయిస్తే బడి పోతుంది, మధ్యాహ్నం పూట చేయిస్తే సగం బడి పోతుంది. వారానికో సెలవంటారా, ఆ రోజుకు పత్తి పూయడం మానదు. కాబట్టి చట్టంలో ఉన్నది ఉన్నట్టు అమలైతే, బడికి పోయే పిల్ల చేత సీజన్ పొడుగునా క్రాసింగు చేయించడం అసలు కుదరదు. ఇందులో మేం కొత్తగా కల్పించింది ఏమీ లేదు. ఇదంతా ఇప్పటికే ఉన్న చట్టమే.

మరి ఎందుకు అమలు కాదు? సినిమాకైతే ముందు అనుమతి, తర్వాత పని. చేనుకైతే ముందు పని. కౌమార వయసు వాళ్ళను పెట్టుకున్న యజమాని 30 రోజుల్లోగా ఇన్‌స్పెక్టరుకు రాసి పంపాలని 9వ సెక్షన్ అంటుంది. వాళ్ళ పేరు, పుట్టిన తేదీ, పని గంటలు, విశ్రాంతి వేళలు రిజిస్టరులో రాసి పెట్టాలని 11వ సెక్షన్ అంటుంది. చేను గట్టున అలాంటి రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ రైతును మేం చూడలేదు. అది రాయాలని రైతుకు చెప్పినవాళ్ళనూ చూడలేదు. నెల రోజుల తర్వాత నిజంగానే కబురు అందినా అప్పటికి సీజన్‌లో మూడో వంతో, సగమో అయిపోతుంది. ఆ పిల్లకు యూనిట్ పరీక్షలు కూడా అయిపోతాయి.

పద్నాలుగు లోపు పిల్లలు చేలోకి వచ్చే దారి ఇంకొకటి ఉంది, అది కుటుంబం పేరుతో తెరిచిన దారి. చదువుకు అడ్డం రాకుండా, బడి వదిలాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనిలో ఇంటివాళ్ళకు సాయం చేయవచ్చని 2016 సవరణ చెప్పింది. రోజుకు మూడు గంటలు మించకూడదని 2017 నియమాలు చెప్పాయి. అమ్మకు కూరలు తరిగి ఇస్తే, నాన్నతో పాటు ఎడ్లకు మేత వేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ కుటుంబమంటే చట్టంలో అమ్మా నాన్నా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే కాదు, మేనత్త, మేనమామ, పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని కూడా. మన ఊళ్ళలో పక్కింటాయన మామ, ఎదురింటామె అత్త. తనిఖీకి వచ్చిన అధికారి "ఈ పిల్ల ఎవరు?" అని అడిగితే "మా మేనకోడలే సార్" అన్న మాటతో ఫైలు మూతపడుతుంది. కంపెనీ విత్తనం ఇచ్చి, కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే ఆర్గనైజరు పెట్టుబడి పెట్టి, పండింది పండినట్టు తూకం వేసుకుని పోయే పంటను ఇంటి పని అనడం న్యాయమా? కంపెనీ ఒప్పందం మీద వేసిన సీడు పత్తికి కుటుంబం మినహాయింపు వర్తించదని ప్రభుత్వం స్పష్టంగా రాయాలి.

హాజరు విషయంలోనూ ఇంతే. బడిలో చదివే పిల్ల చెప్పకుండా వరసగా 30 రోజులు రాకపోతే హెడ్‌మాస్టరు ఈ చట్టం అమలు చూసే నోడల్ అధికారికి తెలపాలని నియమం. సీడు పత్తి పిల్ల వరసగా 30 రోజులు మానదు. వాన పడి పని ఆగిన రోజు వస్తుంది, పరీక్ష రోజు వస్తుంది, మధ్యలో ఒక సోమవారం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మూడు నెలల్లో పది రోజులే బడికి వచ్చిన పిల్ల కూడా నియమం కంటికి రెగ్యులర్ పిల్లే. వరసగా 30 రోజులు అన్న మాట తీసేసి, ఏ నెలలోనైనా ఏడు రోజులు మానితే కబురు పోవాలని మార్చాలి.

వయసు గురించి ఒక్క మాట. చాలామంది పిల్లలకు బడిలో చేర్చిన రోజు జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాసేశారు. అదే ఆధార్‌లోకి ఎక్కింది. పదమూడేళ్ళ పిల్ల కాగితంలో పద్నాలుగు దాటిపోతుంది. పర్మిట్ ఇచ్చే ముందు పుట్టిన సర్టిఫికెట్ చూడాలి. లేకపోతే ప్రభుత్వ డాక్టరు చేత వయసు నిర్ధారణ చేయించాలి. వయసు మీద గొడవ వస్తే డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలని చట్టంలోనే ఉంది, కాకపోతే గొడవ పెట్టుకునేవాళ్ళే లేరు.

రైతులు అడిగే మాట మాకు తెలుసు. పెద్దవాళ్ళను పెట్టుకుంటే కూలి గిట్టదు, కంపెనీ ధర పెంచదు, మేమెక్కడ నుంచి తేవాలి అంటారు. ఆ మాటలో నిజం ఉంది. పద్నాలుగు లోపు పిల్లను పనిలో పెడితే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష పడేది రెండెకరాల రైతుకు. విత్తనాన్ని ప్యాకెట్లలో నింపి అమ్ముకునేవాళ్ళ దాకా అది పోదు. అందుకే మేం పర్మిట్ మీద రైతుతో పాటు ఆర్గనైజరు, కంపెనీ ప్రతినిధి సంతకాలు కూడా ఉండాలంటున్నాం. పర్మిట్ లేని పిల్ల పనిచేసిన ప్లాటు విత్తనాన్ని కంపెనీ కొనకూడదు, కొంటే శిక్ష కంపెనీకి పడాలి. అప్పుడు పెద్దవాళ్ళ కూలికి సరిపడా ధర గురించి కంపెనీ రైతుతో కూర్చుని మాట్లాడక తప్పదు. చేను చూడ్డానికి కంపెనీ మనుషులు సీజన్‌లో ఎన్నోసార్లు వస్తారు. వేల మొక్కల్లో ఒక్క వేరే రకం మొక్కను దూరం నుంచే గుర్తు పట్టి పీకించేవాళ్ళకు సాళ్ళ మధ్య నిలబడ్డ పిల్లలు కనబడలేదంటే మేం నమ్మం.

పేదింటి తల్లిదండ్రుల మాట వేరు. సీజన్‌కు ముందే అడ్వాన్సు తీసుకున్నాం, ఇప్పుడు పిల్లను పంపకపోతే ఎలా అని అడుగుతారు. అప్పుకు బదులు మనిషిని పనికి కట్టేయడం 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం నేరం. అలాంటి అప్పు కట్టక్కర్లేదని ఆ చట్టమే చెబుతుంది. ఈ మాట ఇంటింటికీ చెప్పండి. ఆర్గనైజరు ముందు మాట్లాడలేని తల్లి ఉంటే ఆమె వెంట నలుగురు వెళ్ళండి.

ఇది జరిగే పని కాదని నిరాశపడేవాళ్ళు రంగారెడ్డి జిల్లా వైపు ఒకసారి చూడాలి. 1991 నుంచి అక్కడి పల్లెల్లో శాంతా సిన్హా గారు, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలు బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న పట్టుదలతో తిరిగారు. పనిలో ఉన్న పిల్లలను క్యాంపుల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. ఆ పనికే 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లల సంపాదన లేకుండా పేద కుటుంబాలు బతకలేవని అప్పుడూ అన్నారు. తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపి చూపించారు.

పర్మిట్ ఎలా ఉండాలో కూడా చెబుతాం. కార్మిక శాఖ అధికారి, మండల విద్యాధికారి ఇద్దరూ సంతకం చేయాలి. పదో తరగతి పూర్తికాని పిల్లకు బడి రోజుల్లో పర్మిట్ ఇవ్వకూడదు. ఏ చేలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ వేళల్లో అన్నది అందులో ఉండాలి. మందు కొట్టిన చేలోకి పంపబోమని రాయాలి. కూలి పిల్ల పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఒక నకలు బడిలో, ఒకటి పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉండాలి. ఊళ్ళో ఎవరైనా చదివి, ఈ పిల్ల ఈ వేళప్పుడు ఇక్కడ ఎందుకుందని అడగగలగాలి.

దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. సినిమా పిల్లలకు కలెక్టరు అనుమతి వచ్చింది కూడా నియమాల ద్వారానే. అలాంటి నియమాలు చేసే అధికారం 18వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. తెలంగాణ ఒక్కటే చేస్తే సరిపోదు. కర్నూలు, నంద్యాల జిల్లాల్లోనూ సీడు పత్తి ఉంది. ఒక రాష్ట్రంలో పర్మిట్ అడిగితే పిల్లలను ఆటోలో ఎక్కించి తుంగభద్ర వంతెన దాటిస్తారు. రెండు ప్రభుత్వాలూ ఒకే నియమం తేవాలి.

నియమం వచ్చే దాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. వచ్చే గ్రామసభలో ఈ డిమాండ్లను తీర్మానంగా పెట్టించి కలెక్టరుకు పంపండి. పిల్ల ప్రమాదంలో ఉందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. ప్రతి ఊరి నుంచి ఒక్కరైనా సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో ఈ మూడు ప్రశ్నలు రాయండి: గత మూడేళ్ళలో విత్తన పత్తి క్షేత్రాల నుంచి 9వ సెక్షన్ కింద మీకు ఎన్ని నోటీసులు అందాయి? 11వ సెక్షన్ రిజిస్టరు కోసం ఎన్ని చేలను తనిఖీ చేశారు? ఆ తనిఖీలు ఏ నెలల్లో జరిగాయి? వచ్చిన జవాబు నకలు తీసి మీ ఊరి పంచాయతీ గోడకు అంటించండి, ఒకటి బడికి ఇవ్వండి. క్రాసింగు మొదలయ్యే లోపు ప్రతి ఊరి జవాబూ ఒకచోట చేర్చి, అందరం కలిసి కలెక్టరేట్‌కు పోదాం.