ఓడిన జట్టు ఊళ్లోనే ఉండాలి

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు ఇక లేదు. 2025 అక్టోబరులో యాజమాన్యం దాన్ని ఢిల్లీకి తరలించింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. అంతకు మూడున్నరేళ్ల ముందు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తిన జట్టుకు పట్టిన గతి ఇది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పాఠకులు దీన్ని గచ్చిబౌలి గొడవగా కొట్టిపారేయకూడదు. రాజధానిలోనే ఒక జట్టు నిలదొక్కుకోలేకపోతే, పాలమూరు పల్లెల్లో బంతి తన్నే పిల్లలు ఏ మెట్లెక్కి ఎక్కడికి చేరాలి?

ఆ కప్పు ఊరికే రాలేదు. 2022 మార్చి 20న ఫైనల్ జరిగిన గోవాలోని ఫతోర్డా స్టేడియం నిండా కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోలుతో కేరళదే పైచేయి. ఆట ముగియడానికి రెండు నిమిషాలుందనగా, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్ వలను తాకింది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలిచాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. మనోలో మార్క్వెజ్ శిక్షణలో మరుసటి సీజన్‌లోనూ జట్టు లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది.

ఆ తర్వాత ఏడాదికే అంతా కూలిపోయింది. జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు, కోచ్ వెళ్లిపోయారు. కొత్తవారిని తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్లతోనే బరిలోకి దిగిన జట్టు 2023-24 సీజన్‌లో ఆడిన 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. 2024లో యాజమాన్యం మారింది. 2024-25లో 13 జట్లలో స్థానం 12. ఆ పైన ఢిల్లీ ప్రయాణం.

ఈ పత్రిక అభిప్రాయం స్పష్టం. హైదరాబాద్ ఎఫ్‌సీని కింది డివిజన్‌కు దించి ఉండాల్సింది. ఊరు దాటించకూడదు.

దించడం శిక్ష కదా, అందులో మేలేముంది అని అడిగేవారు ఇటలీలోని పార్మా చరిత్ర చూడాలి. 1995, 1999లో యుయెఫా కప్పు గెలిచిన క్లబ్ అది. 2014-15 సీజన్ నాటికి అప్పుల్లో మునిగింది. నెలల తరబడి ఆటగాళ్లకు జీతాల్లేవు. మ్యాచ్ నిర్వహణ ఖర్చు కూడా భరించలేక సొంత మైదానంలో ఉడినేసె జట్టుతో జరగాల్సిన మ్యాచ్ వాయిదా పడింది. యజమానులు ఒకరి తర్వాత ఒకరు మారారు. జీతం రాకపోయినా ఆటగాళ్లు సీజన్ పూర్తి చేశారు. 2015 ఏప్రిల్‌లో, అప్పటికి పట్టిక అగ్రాన ఉన్న యువెంటస్‌ను 1-0తో ఓడించారు కూడా. అయినా అట్టడుగునే మిగిలారు. క్లబ్ దివాలా తీసి నాలుగో అంచె అయిన సెరీ డీకి పడిపోయింది.

కానీ పార్మా ఎక్కడికీ పోలేదు. ఆ ఊరి వ్యాపారులు ముందుకొచ్చారు. పాస్తా తయారీలో పేరున్న బరిల్లా కుటుంబం వారిలో ఉంది. అభిమానులకూ కొత్త క్లబ్‌లో వాటా దక్కింది. కెప్టెన్ అలెస్సాండ్రో లుకారెల్లి పెద్ద లీగ్‌ను వదులుకుని సెరీ డీలోనే ఆడాడు. వరుసగా మూడు సీజన్లలో మూడు మెట్లెక్కి 2018లో పార్మా మళ్లీ సెరీ ఏకు చేరింది. కింది మెట్టు ఉంది కాబట్టే అక్కడ కాలు పెట్టి లేవగలిగింది.

మన దేశంలో ఆ కింది మెట్టే లేకుండా చేశారు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 2019లో ఆమోదించిన ప్రణాళిక ప్రకారం 2024-25 నుంచి ప్రమోషన్‌తో పాటు రెలిగేషన్ కూడా అమలు కావాలి. పైకెక్కే దారి తెరిచారు. రెండో అంచె ఐ-లీగ్ గెలిచి 2023లో పంజాబ్ జట్టు, 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ పై లీగ్‌లోకి వచ్చాయి. కిందికి దిగే దారి మాత్రం అప్పుడు తెరవలేదు. 2024-25లో చివరి స్థానంలో నిలిచిన మహమ్మడన్‌కూ ఏమీ కాలేదు. పెట్టుబడిదారులకు నష్టం వస్తుందన్నది దీనికి సమర్థన. దిగే భయం లేని చోట జట్టును సరిగ్గా నడపాలన్న బాధ్యతా ఉండదు. ఓటమికి దండన లేదు, ఊరు మార్చడానికి అడ్డు లేదు. ఇది ఆటగాళ్లకూ అభిమానులకూ జరిగిన అన్యాయం.

పాలమూరుకు వలస బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు. పని దొరక్క ముంబయి బస్సెక్కిన మేస్త్రీని, కూలీని ఎవరూ తప్పుపట్టరు. లెక్కలు కుదరలేదని ఒక ఊరి జట్టును మూటగట్టుకుపోయిన వారికి ఆ సానుభూతి వర్తించదు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ అరువు తెచ్చుకున్న సరదా కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ తరం ముద్దుబిడ్డ. వీరిని తయారుచేసింది గల్లీ మైదానాలూ ఏడాది పొడవునా నడిచిన స్థానిక పోటీలూ. ఈ తరంలోనూ ప్రతిభకు కరవు లేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టు జెర్సీ వేసుకుంది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది.

ఇటీవల రాష్ట్రంలో ఫుట్‌బాల్ వేడుకలకు లోటు లేదు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, అదే ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగాయి. 2025 డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియానికి లియోనెల్ మెస్సీ వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా మైదానంలో దిగి బంతి తన్నారు. ఆయనది నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లి. క్రీడాశాఖ చూస్తున్న మంత్రి వాకిటి శ్రీహరిది మక్తల్. ఇద్దరూ పాలమూరు బిడ్డలే. ఈ ప్రాంతం వారిని అడిగే హక్కు ఇంకెవరికన్నా ఎక్కువగా మనకుంది.

అడగాల్సింది మరో స్టేడియం కాదు, లీగ్. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని ఐదు జిల్లాలను కలిపి రెండు అంచెల పాలమూరు లీగ్ పెట్టాలి. కింది అంచెలో మొదటి రెండు జట్లు పైకి, పై అంచెలో చివరి రెండు కిందికి. గద్వాల నుంచి వనపర్తికి, వనపర్తి నుంచి నాగర్‌కర్నూలుకు ఆర్టీసీ బస్సులో పొద్దున బయల్దేరి ఆడి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. గురుకులాలు, జూనియర్ కాలేజీల మైదానాలు ఉన్నాయి. ఇప్పుడు పాఠశాల క్రీడా సమాఖ్య (ఎస్‌జీఎఫ్) ఎంపికలు, సీఎం కప్ వంటివి కొద్ది రోజుల్లో ముగుస్తాయి, అవి కాగానే జట్టు చెదిరిపోతుంది. 2022లో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో బోర్డు పాతిన ప్రతిచోటా ఆట మొదలు కాలేదు. దసరా నుంచి వేసవి దాకా వారం వారం మ్యాచ్ ఉంటేనే పిల్లవాడు ఆటలో నిలుస్తాడు, పీఈటీ శ్రమకు ఫలితం దక్కుతుంది.

ఈ లీగ్ నియమావళిలో మూడు నిబంధనలు ఉండి తీరాలి. జట్టు ఏ ఊరి పేరు పెట్టుకుంటే ఆ ఊళ్లోనే ఆడాలి, అమ్ముడుపోయినా అక్కడి నుంచి కదలకూడదు. ఆటగాళ్లకు ఇవ్వాల్సిన సొమ్ము సీజన్‌కు ముందే జమ చేయాలి. ఊరి వారికి చిన్నదైనా వాటా, పాలకవర్గంలో ఒక స్థానం ఇవ్వాలి. జాతీయ సమాఖ్య కూడా ఇవే నిబంధనలను పై లీగులకు వర్తింపజేసి, రెలిగేషన్‌ను ఎవరికీ మినహాయింపు లేకుండా అమలు చేయాలి.

2025 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానం ప్రకటించింది. అందులోని మాటలు పాలమూరు మైదానాల్లో కనిపించాలంటే వచ్చే దసరాకు మొదటి మ్యాచ్ మొదలుకావాలి. ఐదు జిల్లాల కలెక్టర్లు, క్రీడాధికారులు ఈ నెలలోనే ఒకచోట కూర్చుని షెడ్యూలు ప్రకటించాలి. శాసనసభ్యులు ప్రారంభోత్సవాలతో సరిపెట్టకుండా ఏటా నిధులిప్పించాలి. మొదటి సీజన్‌లో మీ ఊరి జట్టు అట్టడుగున నిలవవచ్చు. అప్పుడు కూడా మరుసటి ఏడాది ఆ మైదానానికి వెళ్లి చప్పట్లు కొట్టండి.