సగంలో ఆగిన అప్‌గ్రేడ్.. తెరుచుకోని లినక్స్
* ఫార్మాట్‌కు తొందరపడితే దస్త్రాలకే ముప్పు
* పాత కెర్నెల్‌తోనే మరమ్మతుకు మార్గం

అమలాపురం: కోనసీమకు తుపాన్లు కొత్త కాదు. 1996 నవంబరు 6 నాటి పెనుతుపాను ఇక్కడి కొబ్బరి తోటలను నేలకూల్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు జిల్లాలో పలుచోట్ల విద్యుత్తు సరఫరా నిలిచిపోయింది. అంతకు రెండు వారాల ముందే, అక్టోబరు 14తో, విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటర్లకు ఉచితంగా లభించే లినక్స్ ఒక ప్రత్యామ్నాయం. అయితే కరెంటుకు నిలకడ లేని చోట దాని అప్‌గ్రేడ్‌లో ఒక చిక్కు పొంచి ఉంది.

ఏ దశలో ఆగిందన్నదే కీలకం
ఉబుంటు వంటి లినక్స్‌లలో ప్యాకేజీలు మొదట డౌన్‌లోడ్ అవుతాయి. తర్వాతే వాటిని విప్పి అమర్చే పని మొదలవుతుంది. 2022 మే 24 నాటి అమలాపురం అల్లర్ల అనంతరం మాదిరిగా ఇంటర్నెట్ ఆగిపోతే డౌన్‌లోడ్ ఆలస్యమవుతుందే తప్ప యంత్రానికి హాని ఉండదు. అమర్చే దశలో కరెంటు పోతేనే అసలు ప్రమాదం. కొత్త కెర్నెల్ డిస్కుకు చేరినా, దానికి తోడుండాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు తయారు కాదు. ఫలితంగా తెరపై 'కెర్నెల్ పానిక్' అన్న మాట కనిపించి కంప్యూటర్ స్తంభిస్తుంది.

పోయింది అంతా కాదు
ఈ స్థితిలో ఫార్మాట్ చేయించడం తేలికే. కానీ విద్యార్థి ప్రాజెక్టు నివేదిక, వ్యాపారి జమాఖర్చులు దానితోపాటే తుడిచిపెట్టుకుపోతాయి. వాస్తవానికి దెబ్బతిన్నది వ్యవస్థ ఫైళ్లే. సొంత దస్త్రాలు సాధారణంగా 'హోమ్'లో భద్రంగానే ఉంటాయి.

మరమ్మతు ఇలా
కంప్యూటర్ ఆన్ చేయగానే షిఫ్ట్ లేదా ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ పట్టిక వస్తుంది. అందులోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నెల్‌కు చెందిన రికవరీ మోడ్‌ను ఎంచుకోవాలి. ముందు 'ఎఫ్‌ఎస్‌సీకే'తో డిస్కును పరీక్షించి, తర్వాత 'డీపీకేజీ' ఎంపికతో సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తిచేయాలి. అనంతరం రూట్ షెల్‌లో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్', 'అప్‌డేట్-గ్రబ్' ఆదేశాలు నడిపి రీస్టార్ట్ చేయాలి. '/బూట్' విభాగం నిండిపోయి ఉంటే ఇవి విఫలమవుతాయి. అప్పుడు 'క్లీన్' ఎంపికతో ముందుగా చోటు ఖాళీ చేయాలి.

గ్రబ్ కూడా రాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను తెరిచి, ముందు దస్త్రాలను వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి. ఆ తర్వాతే 'సీహెచ్‌రూట్' ద్వారా పాత వ్యవస్థలోకి ప్రవేశించి ఇవే పనులు చేయాలి.

ముందుచూపే మేలు
తుపాను హెచ్చరికలున్న రోజుల్లో అప్‌గ్రేడ్ వాయిదా వేయడం, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టుకోవడం, ఒక లైవ్ పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంచుకోవడం అవసరం. రాజోలు, కొత్తపేట పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేకపోవచ్చు. దస్త్రాల నకలు ముందే తీసుకోవడం మాత్రం వినియోగదారు చేతిలోని పనే.