ఇల్లు ఆమెది, సంతకం ఎవరిది?

స్త్రీల ఆస్తి హక్కు మీద ఎక్కడ మాట్లాడినా ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. "ఇండోనేషియాలో ఎక్కడో ఆడవాళ్ళ రాజ్యం ఉందటగా, ఆస్తంతా వాళ్ళదేనటగా! మరి ఏం బాగుపడ్డారు?" అని కొందరు మగ మిత్రులు ఎగతాళిగా అడుగుతారు. మనవాళ్ళలోనే కొందరు అదే సంగతిని మురిసిపోతూ చెబుతారు, మాతృస్వామ్యం ఇంకా బతికే ఉందని. ఆ ఎగతాళి విన్నా, ఈ మురిపెం విన్నా నాకు ఒకటే చిరాకు. రెండింటిలోనూ మినాంగ్‌కబావ్ స్త్రీ ఎక్కడా కనపడదు.

మినాంగ్‌కబావ్ ప్రజల స్వస్థలం పశ్చిమ సుమత్రా. 2010 జనాభా లెక్కల్లో ఇండోనేషియా మొత్తం మీద వీళ్ళు 64 లక్షల పైచిలుకు. మతం ఇస్లాం. వంశం, ఇంటిపేరు, తరతరాల భూమి తల్లి నుంచి కూతురికి వస్తాయి. ఆ భూమిని 'పుసాకో' అంటారు. అది ఏ ఒక్క మనిషిదీ కాదు, ఒక తల్లి సంతతి అంతటిదీ. అమ్మడానికి వీల్లేదు. సొంతంగా సంపాదించుకున్న ఆస్తి సంగతి వేరు. 1952లో బుకిట్టింగిలో కులపెద్దలు, మతపెద్దలు, చదువుకున్నవాళ్ళు కూర్చుని, పుసాకో ఆచారం ప్రకారం, సంపాదించిన ఆస్తి ఇస్లాం వారసత్వం ప్రకారం పోవాలని తీర్మానించారు.

పెళ్ళయ్యాక మొగుడే పెళ్ళాం ఇంటికి వస్తాడు. దున్న కొమ్ముల్లా పైకి లేచిన కప్పుతో ఉండే పెద్ద ఇల్లు, రుమా గదాంగ్, ఆడవాళ్ళ వరసలో నడుస్తుంది. అందులో గదులు పెళ్ళయిన కూతుళ్ళవి. ఎదిగిన మగపిల్లవాడికి ఆ ఇంట్లో గది లేదు. పూర్వం అతను రాత్రిళ్ళు ఊరి ప్రార్థనా మందిరంలో పడుకునేవాడు. ఇక అల్లుడంటారా, మోడు మీద బూడిద లాంటివాడని వాళ్ళ సామెత. గాలి వీస్తే ఎగిరిపోతాడు! ఇప్పుడు చాలా పెద్ద ఇళ్ళు ఖాళీ పడి, జనం చిన్న ఇటుక ఇళ్ళలో ఉంటున్నారు. అవి కూడా ఎక్కువగా భార్య వంశపు స్థలంలోనే లేస్తాయి. విడాకులయితే బట్టలు సర్దుకుని వెళ్ళేది మగవాడు. పిల్లలూ, ఇల్లూ, పొలమూ కదలవు.

దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళని నేను ఒప్పుకోను. మన సంఘాల దగ్గరికి తన్నులు తిని వచ్చే స్త్రీ ముందుగా అడిగేది మనోవర్తి గురించి కాదు. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి అని. పుట్టింట్లో అన్న, అత్తింట్లో మొగుడు, ఇద్దరూ "నా ఇంట్లోంచి పో" అనగలరు. ఆ మాట అనే హక్కు మినాంగ్‌కబావ్ మొగుడికి ఆచారం ఇవ్వలేదు. "ఏం బాగుపడ్డారు" అని అడిగే మిత్రులకి ఈ ఒక్క జవాబు చాలదా?

కానీ అక్కడితో ఆగిపోతే మనం కూడా సగం నిజమే చెప్పినట్టు. వంశం తరఫున మాట్లాడేది మామాక్, అంటే మేనమామ. వంశనాయకుడి పదవి, పెంగులు, మేనమామ నుంచి మేనల్లుడికి పోతుంది, మేనకోడలికి పోదు. భూమి తగాదా కోర్టుకెక్కితే వంశంలోని పెద్ద మామాకే వంశానికి ప్రతినిధి. కేరళ తరవాడు, కరణవన్‌ల గురించి చదివినవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

పుసాకోని అమ్మకూడదు గానీ, తాకట్టు పెట్టవచ్చు. ఆచారం నాలుగు కారణాలు ఒప్పుకుంటుంది: ఇంట్లో శవం ఉండి దహనానికో ఖననానికో డబ్బు లేకపోతే అని మనం అనుకునే లాంటిది ఒకటి, పెద్ద ఇల్లు కురుస్తుంటే, వంశనాయకుడి పదవి నిలబెట్టాల్సి వస్తే, ఎదిగిన ఆడపిల్ల పెళ్ళి కాకుండా ఉంటే. ఆ చివరిది వినగానే మన గుండెల్లో ఎక్కడో కలుక్కుమనడం లేదూ? తీర ప్రాంతమైన పరియామాన్‌లో అయితే వరుణ్ణి తెచ్చుకోవడానికి ఆడపిల్లవారు డబ్బిచ్చే ఆచారమే ఉంది. వంశం తల్లిదైనా వెల మాత్రం వరుడికే! తాకట్టు పెట్టిన పొలం, డబ్బు తిరిగి కట్టేదాకా అప్పిచ్చినవాడి చేతిలోనే ఉంటుంది, పంట వాడిదే. ఏడేళ్ళు అనుభవించాక ఆ పొలాన్ని ఉత్త పుణ్యానికి తిరిగి ఇచ్చెయ్యాలని 1960లో దేశం మొత్తానికి చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది.

ఇక ప్రయాణం. మగపిల్లవాడు ఊరు వదిలి సంపాదనకో చదువుకో పోవడాన్ని 'మరంతావ్' అంటారు. అది అతనికి గౌరవం, దాదాపు విధి. కొన్నేళ్ళ క్రితం తానా దాతార్ జిల్లాలో ఒక ఊళ్ళో నాలుగు రోజులున్నాను. పదాంగ్ నుంచి ఆనై లోయ గుండా కొండెక్కి, పదాంగ్ పంజాంగ్ దాటాక మెట్ల మెట్లుగా వరి పొలాలు. పగలు ఊళ్ళో కనిపించినవాళ్ళు ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలే. నాట్లు వాళ్ళవే, కోతలు వాళ్ళవే, సంతలో అమ్మకం కూడా వాళ్ళదే. మగవాళ్ళు జకార్తాలోనో మలేషియాలోనో బట్టల వ్యాపారం, హోటలు పెట్టుకుని ఉన్నారు. ఆడపిల్లలూ ఇప్పుడు చదువులకి, ఉద్యోగాలకి బయటికి పోతున్నారు. అయితే అందరు కూతుళ్ళూ వెళ్ళిపోతే ఇల్లు ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్న మాట కొడుకుల విషయంలో రాదు. ఆస్తి కూతురిది కనుక కాపలా కూడా కూతురిదే! ఈ కాపలాదారుకే మనవాళ్ళు రాణి అని పేరు పెట్టారు.

ఆచారం ఇచ్చిన ఆ కాస్త నీడ మీదా కాగితాలు వచ్చి పడ్డాయి. 1974 వివాహ చట్టం భర్త కుటుంబ యజమాని, భార్య గృహిణి అని రాసింది. ఇల్లే తనదైన స్త్రీకి ఇది ఎంత విడ్డూరం! అది ఇప్పటికీ అమల్లో ఉంది. 1979 గ్రామ పాలన చట్టం 'నగారి' అనే వాళ్ళ పాత ఊరి వ్యవస్థని విరగ్గొట్టి, జావా పద్ధతి గ్రామాలని రుద్దింది. సుహార్తో పోయాక, 2000లో రాష్ట్ర నిబంధనతో నగారి తిరిగి వచ్చింది. ఊరి మండలిలో స్త్రీల ప్రతినిధులకీ చోటిచ్చారు, బాగుంది. పుసాకో తగాదాలు మాత్రం వెళ్ళేది ఆచార సభకి. అక్కడ కూర్చునేది పెంగులులు.

2017 నుంచి ప్రభుత్వం ఊరూరా భూమి కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే కార్యక్రమం పెద్ద ఎత్తున నడిపింది. వంశపు భూమికి ఎవరి పేర రాయాలి? అందరి పేర్లూ రాయించవచ్చు, మామాక్ పేరనే రాయించవచ్చు. ఒక్కడి పేర వచ్చిన కాగితాన్ని బ్యాంకు ఒప్పుకుంటుంది. కొనేవాడూ ఒప్పుకుంటాడు. అప్పటిదాకా అమ్మకూడని భూమి ఆ పూట నుంచి అమ్ముడుపోయే భూమి.

కేరళలో ఇది ఎలా ముగిసిందో మనకు తెలుసు. 1933 మద్రాసు చట్టం తరవాడు పంపకాలకు దారి తీసింది, 1975 చట్టం ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసింది. కరణవన్ పెత్తనం పోయినందుకు నేను ఏడవను. దాంతోపాటు ఆడవాళ్ళ ఇల్లు పోయింది, దాని లెక్క ఎవరు చెప్పారు?

మన వైపు కథ వేరే దారిలో నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఉంది. సంతకం ఉంది. ఆ సంతకంతోనే అన్నల పేర హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చి, పండక్కి ఒక చీర తెచ్చుకుంటున్నాం. పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం కూడా పాసుపుస్తకంలో మొగుడి పేర చేరిపోతోంది. వాళ్ళకి నీడ ఉండి సంతకం లేదు, మనకి సంతకం ఉండి నీడ లేదు.

కాబట్టి భూమి సర్వే క్యాంపులకి, పట్టాల పంపిణీకి వెళ్ళే మన కార్యకర్తలు "ఆడవాళ్ళ పేర పట్టా" అన్న నినాదం దగ్గరే ఆగొద్దని నా వాదన. ఆమె సమ్మతి లేకుండా అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదని ఆ కాగితంలో ఉందా? విడిపోయిన రోజున ఇంట్లో ఉండేది ఎవరో అందులో రాశారా? ఈ రెండూ అడగకుండా పట్టాల సంఖ్య నివేదికల్లో నింపుకునే సంస్థలు మన మధ్య చాలానే ఉన్నాయి. పేర్లు చెప్పను, చదివేవాళ్ళకి తెలుసు.